మంచోడే, కానీ బి ఫారం ఎవరిస్తున్నరు?

(నాంపల్లిలో ఒక ఆదివారం జరిగిన దళిత యువజనుల సమావేశంలో చేసిన ఉపన్యాసం ఇది. ఊళ్ళలో చదివి వినిపించుకోవడానికి కావాలని కార్యకర్తలు అడిగినందువల్ల మాట్లాడింది మాట్లాడినట్టుగానే వేస్తున్నాం. - సం.)



పొద్దున రైలు దిగి నేను నేరుగా ఈ హాలుకు రాలేదు. ఆదివారం గదా అని ఆబిడ్స్ దాకా నడిచిపోయిన. అక్కడ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి అమ్ముతరు, మీలో చాలా మందికి తెలుసు. గ్రూప్స్ మెటీరియల్ కోసం వచ్చే పిల్లలే ఎక్కువ. మూడు దుకాణాలు తిరిగితే ఒక పాత పుస్తకం దొరికింది. 1945లో బాబాసాహెబ్ రాసింది, కాంగ్రెసు, గాంధీ అస్పృశ్యులకు ఏం చేశారని అడిగిన పుస్తకం. అట్ట ఊడిపోయింది. లోపల పేజీలు బాగానే ఉన్నయి. బేరమాడి కొన్న. దాని సంగతి తర్వాత చెప్తా.

అక్కడి నుంచి మళ్ళీ నాంపల్లికి నడుచుకుంట వచ్చిన. ఈ నాంపల్లి చిత్రమైన జాగ తమ్ముళ్ళారా. గాంధీ భవన్ ఇక్కడే. బీజేపీ రాష్ట్ర ఆఫీసు ఇక్కడే. ఉద్యోగాల పరీక్షలు పెట్టే పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఇక్కడే. పబ్లిక్ గార్డెన్స్ దిక్కు పోతే శాసనసభ. రైలు దిగిన పిల్లగాడు రిక్షా ఎక్కకుండా తన బతుకును తేల్చే అన్ని గేట్ల ముందరా నిలబడి రావచ్చు. ప్రతి గేటు దగ్గర ఒక సెక్యూరిటీ ఉంటడు. "ఎవరు గావాలె?" అంటడు. మన పిల్లగాడు ఒక పేరు చెప్తడు. ఫలానా అన్నను కలవాలె. అన్న మంచోడు. అన్న పార్టీలో ఉన్నా వేరే తీరు మనిషి.

ఇవ్వాళ నేను మాట్లాడేది ఆ అన్న గురించి. పాత పార్టీలో ఉన్న కొత్త మనిషి గురించి. ఆయన్ను నమ్మే మన పిల్లల గురించి.

మొదట నా సంగతి చెప్తా, లేకుంటే నేనేదో పుట్టుకతోనే తెలివిగలోడినని మీరనుకుంటరు. మాది తాండూరు దిక్కు ఊరు. 1989 మార్చి 28 నుంచి ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. అది రాజ్యాంగానికి 61వ సవరణ. ఆ ఏడాది నవంబరులో ఎన్నికలు. నాకు అప్పుడే 18 నిండింది. మా వాడలో మా నాయన మొదటి ఓటు 21 ఏళ్ళకు వేసిండు, నేను 18కే వేసిన. ఎంత గర్వమనుకున్నరు! వేలి మీద సిరా పోకుండ రెండు రోజులు బువ్వ స్పూనుతో తిన్న.

మా దిక్కు ఒక నాయకుడు ఉండె. పెద్ద పార్టీ. ఏ పార్టీయో చెప్పను, చెప్తే ఆ పార్టీ ఒక్కటే అట్లాంటిదని మీరనుకునే ప్రమాదముంది. చదువుకున్నోడు, వకీలు. పెద్ద కులమే. కానీ మా వాడకు వచ్చి మంచం మీద కూర్చోకుండ మా అవ్వ పక్కన అరుగు మీద కూర్చున్నడు. మా ఇంట్ల బువ్వ తిన్నడు. మా అవ్వ చెంబుతో నీళ్ళిస్తే ఎత్తిపోసుకోకుండ నోటికానించి తాగిండు. మీరు నవ్వుతున్నరు గానీ, 1989లో మా ఊళ్ళె అది చిన్న సంగతి కాదు. నేను ఆయన కోసం రాత్రింబవళ్ళు గోడల మీద రాసిన. ఆయన గెలిచిండు.

మా ఊళ్ళె మా బొందలగడ్డ ఎకరం పది గుంటలు. అందులో సగం ఊరి పెద్దరైతు కలుపుకున్నడు. శవాన్ని తీసుకపోవాలంటే ఆయన చేను గట్టు మీద నుంచి పోవాలె, పంట ఉన్నప్పుడు పోనియ్యడు. మా పెదనాయన చనిపోతే పీనుగ సాయంత్రం దాకా వాకిట్లనే ఉన్నది. ఆ పెద్దరైతు ఎవరు? మన మంచి నాయకుని పార్టీకే మా ఊరి అధ్యక్షుడు!

నేనూ ఇంకో ముగ్గురమూ కాయిదం రాసుకొని పొద్దుగాల రైలెక్కి నాంపల్లికి వచ్చినం. నాయకుణ్ణి కలిసినం. గుర్తుపట్టిండు. పేర్లతో పిలిచిండు. చాయ్ తాగిపిచ్చిండు. కాయిదం చదివిండు, నిజంగ కండ్లళ్ళ నీళ్ళు తిరిగినయి, నేను చూసిన. లెటర్‌పాడ్ తీసి "తగు చర్య నిమిత్తం" అని రాసి సంతకం పెట్టి తహసీల్దారుకు ఇమ్మన్నడు. ఇచ్చినం. ఆ తర్వాత నాలుగుసార్లు వచ్చినం. నాలుగు ఉత్తరాలు ఇచ్చిండు. అన్నింటి మీద అదే మాట. ఆఖరుసారి నేను అడిగిన, "సారూ, మీరొక్కసారి ఊరికొచ్చి నిలబడి కొలిపించండి" అని. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నడు, "వచ్చే ఎలక్షన్ల నాకు టికెట్ ఇయ్యొద్దని జిల్లాల సంతకాలు పెట్టిస్తున్నదే మీ ఊరోళ్ళ గుంపు. ఇప్పుడు నేను వస్తే అయిపోత."

అబద్ధం చెప్పలేదు. అందుకే ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. మంచోడే. మా ఇంటి నీళ్ళు తాగిన మాట నిజం, ఏడ్చిన మాట నిజం. కానీ టికెట్ ఇచ్చేది మా వాడ కాదు. టికెట్ ఇచ్చే చేతిలో మా పెద్దరైతు చెయ్యి ఉంది.

టికెట్ అంటే ఏంటో కూడా చెప్పుకుందాం, చాలా మంది ఊరికే అనేస్తరు. నామినేషన్ల గడువు లోపల పార్టీ నుంచి రెండు కాయిదాలు ఎన్నికల అధికారికి చేరాలె. ఎ ఫారంలో, మా పార్టీ తరఫున అభ్యర్థుల పేర్లు ఇచ్చే అధికారం ఫలానా మనిషికి ఉంది అని ఉంటది. బి ఫారంలో ఆ మనిషి సంతకంతో ఈయనే మా అభ్యర్థి అని ఉంటది. బి ఫారం లేకుంటే గుర్తు లేదు. పార్టీలో నలబై ఏండ్లు జెండా మోసినా అంతే. గెలిచిన తర్వాత విప్ ఉంటది. 1985లో వచ్చిన ఫిరాయింపుల చట్టం ప్రకారం పార్టీ విప్‌కు ఎదురు ఓటేస్తే ఎమ్మెల్యేగిరీ పోవచ్చు. అంటే లోపలికి పోయే తలుపుకు తాళం వాళ్ళది, లోపల నోటికి తాళం కూడా వాళ్ళదే. ఈ రెండు తాళాల మధ్య మన మంచి అన్న ఉంటడు.

ఇప్పుడు ఆ అట్ట ఊడిన పుస్తకం దగ్గరికి పోదాం. 1932 సెప్టెంబరు 24న పూనా ఒడంబడిక జరిగింది. బాబాసాహెబ్ అడిగిన ప్రత్యేక నియోజకవర్గాలు పోయి, ఉమ్మడి ఓట్లతో రిజర్వుడు సీట్లు వచ్చినయి. అప్పుడు గాంధీని, హిందూ నాయకులను నమ్ముదామని చెప్పిన మన నాయకులలో ఒకడు మద్రాసు ఎం.సి. రాజా. చిన్నోడు కాదు, పెద్ద నాయకుడు. వాళ్ళు మారుతున్నరు, కలిసి పోదాం అన్నడు. ఆ తర్వాత 1937 ఎన్నికలు. దేశంలో మనకు కేటాయించిన 151 సీట్లలో 78 కాంగ్రెసు గెలుచుకుందని బాబాసాహెబ్ లెక్క చెప్పిండు. మద్రాసులో రాజాజీ ముఖ్యమంత్రి అయిండు, అప్పుడు మన ఆంధ్ర జిల్లాలు కూడా మద్రాసులోనే ఉండె. రాజాజీ అంటే గుడి తలుపులు తెరవాలని ఊరూరా చెప్పిన సంస్కర్త. అప్పుడు ఎం.సి. రాజా ఏం చేసిండు? గుళ్ళలోకి మనల్ని రానివ్వాలని ఒక బిల్లు 1938లో సభలో పెట్టిండు. సంస్కర్త ముఖ్యమంత్రిగా ఉన్నడు గదా, ఇంకేం అడ్డమని అనుకున్నడు.

ఆ బిల్లును వెనక్కి తీసుకోమన్నది ఎవరు? రాజాజే. ఎం.సి. రాజా తీసుకోలేదు. ఓటింగులో కాంగ్రెసు పార్టీ పార్టీగా ఎదురు ఓటేసింది, బిల్లు ఓడిపోయింది. మన సీట్లలో ఆ పార్టీ టికెట్ మీద గెలిచినోళ్ళు ఆ క్రమశిక్షణ బయట లేరు. ఎం.సి. రాజా కడుపు మండి గాంధీకి ఉత్తరాలు రాసిండు. గాంధీ ఇచ్చిన జవాబు సారాంశం ఒక్కటే: రాజాజీని నమ్మండి.

నమ్మండి! ఎనబై ఏండ్ల పైన అయింది, ఇప్పటికీ మన పిల్లగాడు గేటు దగ్గర వినేది ఈ మాటనే. "అన్న మీద నమ్మకముంచు తమ్మీ."

అట్లని లోపల ఉన్నోళ్ళంతా దొంగలని నేను చెప్పడానికి రాలేదు. అట్ల చెప్తే చప్పట్లు పడతయి, కానీ అది నిజం కాదు. మన దామోదరం సంజీవయ్యను తీసుకోండి. కర్నూలు జిల్లా పెదపాడు. 1960 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయనకు 40 కూడ నిండలేదు. దేశంలో మొదటి దళిత ముఖ్యమంత్రి. ఇప్పుడు లంచగొండుల్ని పట్టుకునే ఏసీబీ ఉంది చూడండి, అది 1961 జనవరిలో ఆయన కాలంలో పెట్టిందే. ముసలోళ్ళ పింఛను, భూమిలేనోళ్ళకు భూమి పంచడం, ఇవన్నీ ఆయన పేరు మీద చెప్పుకుంటున్నం. ఆయన నిజాయితీని శత్రువులు కూడా కాదనలేదు. సరే. ఎంతకాలం ఉన్నడు? 1962 మార్చి దాకా. రెండేండ్ల రెండు నెలలు. ఆయన ఎట్ల వచ్చిండు, ఎట్ల పోయిండు? నీలం సంజీవరెడ్డి ఢిల్లీకి పోయి అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షుడైతే ఇక్కడ రెడ్డి గుంపులు ఒకరినొకరు ఒప్పుకోక ఈయన్ను కూర్చోబెట్టినయి. 1962 ఎన్నికల తర్వాత సంజీవరెడ్డి మళ్ళీ వచ్చి ముఖ్యమంత్రి అయిండు, సంజీవయ్య ఢిల్లీకి పోయి కాంగ్రెసు అధ్యక్షుడైండు. పెద్ద పదవే. మొదటి దళిత అధ్యక్షుడు. కానీ చూడండి, పేకాటలో ముక్కలు మార్చుకున్నట్టు లేదూ? ఆయన ఓడిపోలేదు, తప్పు చెయ్యలేదు, ప్రజలు వద్దనలేదు. కుర్చీ అవతలి వాళ్ళది, అవసరం తీరింది, తీసుకున్నరు.

టి.ఎన్. సదాలక్ష్మమ్మ కూడా అంతే. ఈ హైదరాబాదులో పాకీ పని చేసే కులంలో పుట్టి ఎమ్మెల్యే అయింది, డిప్యూటీ స్పీకరు అయింది, దేవాదాయ శాఖ మంత్రి అయింది. గుళ్ళోకి రానివ్వని కులపు బిడ్డ గుళ్ళన్నింటికి మంత్రి! కానీ ఆమెకు చివరికి బలమనిపించింది ఎక్కడ? 1969లో తెలంగాణ ఉద్యమంలో, 1990లలో మాదిగ దండోరాలో. మంత్రిగా పనిచేసినామె ముసలితనంలో పిల్లలతో కలిసి రోడ్డు మీద కూర్చుంది. ఆమె జీవితం గురించి గోగు శ్యామల పుస్తకం రాసింది, దొరికితే చదవండి, ముఖ్యంగ ఆడపిల్లలు.

ఇంకోదిక్కు ఈశ్వరీబాయమ్మ. రిపబ్లికన్ పార్టీ. ఎల్లారెడ్డి నుంచి 1967లో, 1972లో గెలిచి అసెంబ్లీలో ఒంటరిగ నిలబడి కొట్లాడింది. పెద్ద పార్టీల బి ఫారం లేదు, పెద్ద పార్టీల విప్ లేదు. ఆమె బిడ్డ గీతారెడ్డి తర్వాత కాంగ్రెసులో మంత్రి అయింది. నేను ఎవర్నీ తప్పు పట్టడం లేదు. తల్లి ఎంచుకున్న దారి ఎంత కష్టమో బిడ్డకు తెలుసు, అంతే అనుకుంటా.

మా మేనల్లుడు ఉన్నడు. 22 ఏండ్లు, డిగ్రీ అయింది. ఇక్కడే వెనక వరుసలో కూర్చున్నడు, సిగ్గుపడుతున్నడు. వాడు ఒక పెద్ద పార్టీలో ఉన్న ఒక "మంచి అన్న"కు ఫ్లెక్సీలు కడతడు. పండుగకు ఫ్లెక్సీ, పుట్టినరోజుకు ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో కింద వరుసలో, అగ్గిపెట్టె అంత బొమ్మలో వీడు. నేను అడిగితే నాతో వాదించిండు. "మామా, బయట ఉండి మీరేం సాధించిన్రు? లోపల మంచోళ్ళు లేకుంటే సబ్‌ప్లాన్ చట్టం వచ్చేదా?" అన్నడు.

వాడు అడిగింది సరైన ప్రశ్న. నేను మూడు రోజులు ఆలోచించిన.

సబ్‌ప్లాన్ కథ ఏమిటి? మన జనాభా ఎంతో ప్రణాళిక నిధుల్లో మనకు అంత వాటా ఇవ్వాలని 1979-80 నుంచే ఉంది. అప్పుడు దాని పేరు స్పెషల్ కాంపోనెంట్ ప్లాన్. కాయిదం మీద ఉంది, చట్టం లేదు. చట్టం లేదు గనుక డబ్బు ఎటు కావాలంటే అటు పోయింది. 2010లో ఢిల్లీలో కామన్వెల్త్ ఆటలకు ఆ నిధులు ఆరు వందల కోట్లకు పైగా మళ్ళించిన సంగతి పార్లమెంటులో హోంమంత్రే ఒప్పుకున్నడు. మన పిల్లల హాస్టల్ బియ్యం పైసలు పరుగు పందాలకు పోయినయి! మన రాష్ట్రంలో దళిత సంఘాలు, వామపక్ష సంఘాలు, కాకి మాధవరావు గారి వంటి రిటైరైన పెద్ద ఆఫీసర్లు ఏండ్ల తరబడి లెక్కలు తీసి, సభలు పెట్టి, దీక్షలు చేసి చట్టం కావాలన్నరు. 2012లో కాంగ్రెసు ప్రభుత్వం మంత్రివర్గ ఉపసంఘం వేసింది, ఉపముఖ్యమంత్రి దామోదర రాజనర్సింహ దానికి పెద్ద. ఆ ఏడాది డిసెంబరులో అసెంబ్లీలో పాసయింది, 2013లో చట్టమైంది. దేశంలో మొదటిది. మా అల్లుడు చెప్పింది నిజం. లోపల ఒక దళిత ఉపముఖ్యమంత్రి, కొంతమంది మంత్రులు, ఎమ్మెల్యేలు పట్టుబట్టకుంటే అది అప్పుడు వచ్చేది కాదు.

కానీ అదే 2012 జూన్ 12న శ్రీకాకుళం జిల్లా లక్ష్మింపేటలో ఏమైంది? ప్రాజెక్టు కింద మిగిలిన భూమి దున్నుకుంటున్న మనోళ్ళు అయిదుగుర్ని పొద్దు పొద్దున్నే నరికి చంపిన్రు. అదే ప్రభుత్వం, అదే మంత్రులు, అదే ఉపముఖ్యమంత్రి. బడ్జెటులో వాటా గురించి మాట్లాడగలిగిన మంచోళ్ళు భూమి గురించి, ఊరి పెత్తనం గురించి ఎంత మాట్లాడగలిగిన్రు? ఇక్కడ ఆగి ఆలోచించాలె. డబ్బు ఖజానాలోది, ఎవరి జేబులోది కాదు, ఇస్తే ఏ పెద్దరైతుకూ గట్టు తెగదు. భూమి అట్ల కాదు. భూమి అడిగితే ఆ పార్టీ నిలబడ్డ మట్టే కదులుతది. మా బొందలగడ్డ ఎకరం పది గుంటలకే మా వకీలు సారుకు గుండె జారింది!

ఇది ఒక్క పార్టీ రోగం కాదు. 1983లో ఎన్టీ రామారావు వచ్చినప్పుడు కుర్రోళ్ళంతా ఆయన వెంట పోయిన్రు. 1982 మార్చిలో పార్టీ పెట్టి, ఏడాది కూడ తిరగకముందే గెలిచిండు. రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చిండు, తిన్నం, కాదనను. 1985 జూలై 17న కారంచేడు జరిగింది. ఆరుగురు. ఆయన ప్రభుత్వంలోనే. 1991 ఆగస్టు 6న చుండూరు జరిగింది. ఎనమండుగురు. అప్పుడు కాంగ్రెసు ప్రభుత్వం. చుండూరులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఈ రెండు పార్టీలలోనూ అప్పుడు మంచోళ్ళు ఉన్నరు. కారంచేడు తర్వాత దళిత మహాసభ పుట్టింది, మనోళ్ళు రోడ్డు మీదికి వచ్చిన్రు. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. లోపలి మంచోళ్ళకు లోపల మాట్లాడే ధైర్యం బయట అరుపుతో వచ్చింది. అరుపు ఆగితే వాళ్ళ ధైర్యం కూడ ఆగింది.

తెలంగాణ వస్తే మొదటి ముఖ్యమంత్రి దళితుడే అన్నరు. ఎంత మంది మన పిల్లలు ఆ మాట నమ్మి లాఠీ దెబ్బలు తిన్నరు? 2014 జూన్ 2న ఎవరు ప్రమాణం చేసిన్రో మీకు తెలుసు. దళిత ఉపముఖ్యమంత్రిని పెట్టి ఎనిమిది నెలలకే, 2015 జనవరిలో, తీసేసిన్రు. మూడెకరాల భూమి ఎంతమందికి వచ్చిందో మీ మీ ఊళ్ళలో మీరే లెక్క పెట్టుకోండి. 2021లో దళితబంధు పది లక్షలన్నరు, హుజూరాబాదులో ఉప ఎన్నిక ఉన్నందుకు అక్కడ మొదలైంది. 2023 మే 8న సరూర్‌నగర్‌లో కాంగ్రెసు యువజన డిక్లరేషన్ చదివింది, మొదటి ఏడాదిలో 2 లక్షల ఉద్యోగాలన్నరు. ఆ డిసెంబరులో గెలిచిన్రు. ఏడాది తిరిగినంక 55 వేల పైచిలుకు ఇచ్చినమని ప్రభుత్వమే చెప్పుకుంది. 55 వేలు తక్కువ కాదు, ఆ ఇండ్లల్ల పొయ్యి వెలిగింది. చాలా నోటిఫికేషన్లు అంతకుముందటి ప్రభుత్వం నాటివి, అది వేరే మాట. కానీ 2 లక్షలకూ 55 వేలకూ మధ్య ఉన్న పిల్లలు ఈ నాంపల్లి గల్లీల్లో చాయ్ తాగుతున్నరు.

వర్గీకరణ సంగతి కూడ చెప్పాలె. ఈ హాల్లో మాల బిడ్డలూ మాదిగ బిడ్డలూ ఉన్నరు, ఈ మాట ఎత్తితే కుర్చీలు కదులుతయని నాకు తెలుసు. నేను ఇప్పుడు ఎవరిది న్యాయమని తేల్చడం లేదు. తేదీలు మాత్రమే చూడమంటున్న. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలైంది. ప్రతి పార్టీలో ఒక మంచి అన్న దొరికిండు, ప్రతి ఎన్నికలో ఒక మాట ఇచ్చిండు. 2000లో చట్టం వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మళ్ళీ 2024 ఆగస్టు 1న అదే సుప్రీంకోర్టు రాష్ట్రాలు వర్గీకరించవచ్చన్నది. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి అమలైంది. ముప్పై ఏండ్ల పైన. ఆ ముప్పై ఏండ్లల్ల మాట ఇచ్చిన అన్నలు ఎంతమంది మారిన్రు? మారనిది ఒక్కటే, డప్పు చప్పుడు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఇది చూడాలె మీరు.

ఇంతదాకా వేరేవాళ్ళను అన్న. ఇప్పుడు మన సొంత గుడిసె చూసుకుందాం. 1994లో కాన్షీరాం గారి ఏనుగు గుర్తు మీద మన పిల్లలు సైకిళ్ళ మీద తిరిగి, అప్పులు చేసి పోటీ చేసిన్రు, అసెంబ్లీకి ఒక్కరూ పోలేదు. 2014లో తెలంగాణలో బీఎస్పీకి రెండు సీట్లు వచ్చినయి, నిర్మల్, సిర్పూరు. సంబరపడ్డం. ఆ ఇద్దరూ ఎక్కువ కాలం ఆగకుండ అధికార పార్టీలోకి పోయిన్రు. 2021లో ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఐపీఎస్ వదిలిపెట్టి బీఎస్పీలోకి వస్తే గురుకులాల్లో చదివిన పిల్లలు ఎంత ఆశ పెట్టుకున్నరు! ఆ ఆశ నేను ఊళ్ళల్ల చూసిన, దాన్ని నేను ఎగతాళి చెయ్యను. 2024 మార్చిలో ఆయన బీఆర్ఎస్‌లోకి పోయిండు. ఆయన కారణాలు ఆయన చెప్పిండు. కానీ ఆ పిల్లలు? ఒక పిల్ల నాతో అన్నది, "పెదనాయనా, మేము సార్‌ను నమ్మినమా, పార్టీని నమ్మినమా, మాకే తెలుస్తలేదు" అని. ఆ పిల్లకు నేను ఆ రోజు జవాబు చెప్పలేకపోయిన.

అమెరికాలో నల్లవాళ్ళ కథ ఒకటి చెప్త, చిన్నగ. 1964లో మిసిసిపీ రాష్ట్రంలో నల్లవాళ్ళను ఓటు వెయ్యనిచ్చేటోళ్ళు కాదు. డెమొక్రటిక్ పార్టీ అక్కడ తెల్లవాళ్ళదే. నల్ల యువకులు ఊరూరా తిరిగి తమదే ఒక పార్టీ, ఫ్రీడం డెమొక్రటిక్ పార్టీ అని పెట్టి, అట్లాంటిక్ సిటీలో జరిగే పెద్ద పార్టీ మహాసభకు పోయి అసలు ప్రతినిధులం మేమే అన్నరు. ఫానీ లూ హామర్ అని ఒకామె, పత్తి చేన్లల్ల కూలి చేసిన ఆమె, జైల్లో తనను ఎట్ల కొట్టిన్రో టీవీ కెమెరాల ముందు చెప్పింది. పార్టీలోని సంస్కర్తలు, నిజంగ వాళ్ళ మంచి కోరినోళ్ళే, వచ్చి బతిమిలాడిన్రు. రెండు సీట్లు ఇస్తం, ఇప్పటికి ఊకోండి అని. వాళ్ళు వద్దన్నరు. వెళ్ళిపోయిన్రు. మరుసటి ఏడాది, 1965 ఆగస్టులో, ఓటు హక్కు చట్టం వచ్చింది. ఆ చట్టం మీద సంతకం పెట్టింది కూడ ఆ పార్టీ అధ్యక్షుడే. ఆ యువకులు లోపలి మంచోళ్ళతో మాట్లాడటం మానలేదు. కానీ తమ సంఘాన్ని వాళ్ళ చేతిలో పెట్టలేదు. రెండూ వేరు.

బాబాసాహెబ్ కూడ నెహ్రూ మంత్రివర్గంలో ఉన్నడు గదా అని మా అల్లుడు అన్నడు. ఉన్నడు. కాంగ్రెసులో చేరకుండ ఉన్నడు. హిందూ కోడ్ బిల్లును ఆపేస్తే 1951 సెప్టెంబరులో రాజీనామా కాయిదం పెట్టి బయటికి వచ్చిండు. ఆబిడ్స్ చౌరస్తాలో నెహ్రూ బొమ్మ ముందు నుంచి పొద్దున నడిచిపోతూ నాకు అదే గుర్తొచ్చింది. నెహ్రూ మంచోడే. హిందూ కోడ్ రావాలని ఆయనకూ ఉండె. అయినా పార్టీలో పెద్దలు కళ్ళెర్ర చేస్తే ఆగిండు. 1952 ఎన్నికల్లో బొంబాయిలో బాబాసాహెబ్‌ను ఓడించింది కూడ కాంగ్రెసు నిలబెట్టిన దళితుడే.

ఇక పని సంగతి. తెలంగాణలో 119 సీట్లలో 19 మనకు రిజర్వు. ఆంధ్రలో 175లో 29. ఆ సీట్లల్ల కూడ గెలిపించేది మన ఓటొక్కటే కాదు, ఊరి అందరి ఓట్లు. అందుకే మన మనిషి మనకంటే ఎక్కువ ఊరికి భయపడతడు. తిట్టి లాభం లేదు, ఆ భయానికి ఎదురు భయం మనమే కావాలె. మీరు ఏ పార్టీ అన్నను నమ్ముతరో నమ్మండి, నేను ఆపలేను. కానీ ఆయన దగ్గరికి పోయేటప్పుడు ఒక్కరే పోకండి. వాడ తీర్మానం రాసుకొని, వేలిముద్రలతో సహా సంతకాలు పెట్టించుకొని, పదిమంది పోండి. "నమ్ముతున్నం" అనకండి. ఎన్నో తారీకున, ఏ జీవో, ఎన్ని రూపాయలు, ఏ సర్వే నంబరు అని అడగండి. లెటర్‌పాడ్ మీద "తగు చర్య నిమిత్తం" అని రాస్తే ఆ కాయిదాన్ని ఆయనకే ఇచ్చి, తారీకు వేసి ఇయ్యమనండి. మా అల్లుడు నవ్వుతున్నడు. వానికి ఈ కాయిదాల సంగతి తెలుసు.

తెలంగాణలో 2017లో సబ్‌ప్లాన్ స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చిన్రు. ఒక ఏడాది ఖర్చు కాని డబ్బు తర్వాత ఏడాదికి జమ కావాలని అందులో ఉంది. 2013 చట్టంలో ఈ సౌకర్యం లేకుండె. అయితే మీ మండలంలో ఆ డబ్బుతో ఏం చేసిన్రు? సమాచార హక్కు చట్టం 2005 కింద అడగండి. ఊరి పంచాయతీలో అడిగితే ఫీజు లేదు, మండల ఆఫీసులో 5 రూపాయలు, పైన 10 రూపాయలు. ఒక చాయ్ పైసలు. ఒక ఫ్లెక్సీ పైసలతో మీరు జిల్లా మొత్తం లెక్క తియ్యొచ్చు. ఆ లెక్క చేతిలో పట్టుకొని మంచి అన్న దగ్గరికి పోతే, ఆయన నిజంగ మంచోడైతే సంతోషపడతడు, ఎందుకంటే ఆయనకు అసెంబ్లీలో మాట్లాడటానికి ఒక ఆయుధం ఇచ్చినట్టు. కాకుంటే కోపం చేస్తడు. అప్పుడు మీకే తెలిసిపోతది.

మా బొందలగడ్డ సంగతి అడుగుతారని తెలుసు, అందుకే చెప్పి దిగిపోత. ముప్పై ఏండ్ల పైన అయింది, ఇంక కొలవలేదు. వకీలు సారు చనిపోయిండు, దినాలకు మేము పోయినం. పెద్దరైతు కొడుకు ఇప్పుడు ఇంకో పార్టీలో ఉన్నడు. మొన్న మా అల్లుడు పాత పహాణీ నకలు తీసిండు, సర్వే నంబరు, విస్తీర్ణం, "శ్మశానం" అని స్పష్టంగ ఉంది. వాడ మొత్తం సంతకాలు పెట్టింది, ఆడోళ్ళే ముందు పెట్టిన్రు. సర్వేయరు వచ్చే గురువారం వస్తనన్నడు. రాకుంటే శుక్రవారం తహసీల్దారు ఆఫీసు ముందర కూర్చోవాలని వాడోళ్ళు అనుకున్నరు. వాని మంచి అన్నకు కూడ ఫోన్ చేసి రమ్మన్నడట, చూస్త అన్నడట.

నా బండికి టైమైతుంది, ఇంకో అర్ధగంట ఉంది. ప్రశ్నలు అడగండి. వెనక వరుస నుంచి మొదలుపెడదాం.